ఒక్క సూదితో సరిపెట్టారు

ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున సిస్టర్ ట్రే పట్టుకుని వచ్చింది. నా మంచం దాటుకుని పక్క మంచం దగ్గరికి పోయింది. అక్కడున్న పిల్లవాడికి ఇంజెక్షన్ ఎక్కించి, నా వైపు చూసి ఒక నవ్వు నవ్వి వెళ్లిపోయింది. మధ్యాహ్నమూ అంతే. రాత్రి తొమ్మిదికి మూడోసారి కూడా అలాగే పోతుంటే మా ఆవిడ అడ్డం నిలబడింది.

"సిస్టర్, మా సార్‌కి ఏమీ లేవా?"

"నొప్పికి ఇచ్చాం కదమ్మా. యాంటీబయోటిక్ అయిపోయింది."

"ఎప్పుడు? మేమెవరం చూళ్లేదే!"

"నిన్న థియేటర్లోనే. ఒక్కటే ఉంటుంది."

ఆ 'ఒక్కటే' ఆవిడకీ మింగుడుపడలేదు, నాకూ పడలేదు.

ఎందుకో చెప్పాలంటే 2001కి పోవాలి. మా పెద్దమ్మాయి సిజేరియన్‌లో పుట్టింది. ఆపరేషన్ తర్వాత ఏడు రోజులు పొద్దునొకటి, సాయంత్రం ఒకటి ఇంజెక్షన్లు వేశారు. చీటీ పట్టుకుని మందుల షాపుకి పరుగెత్తింది నేనే కాబట్టి లెక్క బాగా గుర్తు, పద్నాలుగు. అయినా ఆరో రోజుకి కుట్ల పక్కన ఎర్రబడింది. రెండు కుట్లు విడిపోయి చీము కారింది. ఆ తర్వాత మూడు వారాలు రోజూ డ్రెస్సింగే. మందులో తడిపిన గాజుగుడ్డను పటకారుతో గాయంలోకి కూరుతుంటే ఆవిడ నా మణికట్టు పట్టుకుని గోళ్లు దించేది. పసిపిల్లకి పాలివ్వడానికి పక్కకి ఒత్తిగిలడం కూడా చేతనయ్యేది కాదు. అప్పట్నుంచీ మా ఇంట్లో స్థిరపడిపోయిన సూత్రం ఒకటుంది. పద్నాలుగు చాలలేదు, ఇరవై పడుంటే బాగుండేది అని.

అలాంటి ఇంటి మనిషికి ఒకే ఒక్క సూది వేసి పడుకోబెట్టారు.

నాకు యాభై మూడేళ్లు. గార్లదిన్నె మండలంలో హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఊళ్లో నాలుగెకరాల వేరుశనగ చేను ఉంది. తొమ్మిదేళ్లుగా షుగర్. కుడి గజ్జలో నిమ్మకాయంత హెర్నియా, దగ్గితే బయటికొస్తుంది, పడుకుంటే లోపలికి పోతుంది. ఏడాదిన్నర ఓర్చుకున్నాను. పోయినేడు తొమ్మిదో తరగతి పిల్లల మీద గట్టిగా అరిచిన ప్రతిసారీ అది కూడా బయటికి తొంగిచూడ్డం మొదలుపెట్టాక, ఇక వేసవి సెలవుల్లో చేయించేసుకుందామని అనంతపురం సాయినగర్‌లో సర్జన్ దగ్గరికి పోయాను.

ఏప్రిల్ 30న ఆపరేషన్ అన్నారు. రక్త పరీక్షల్లో పరగడుపు షుగర్ 212 వచ్చింది. డాక్టర్ గారు ఆ కాగితం చూసి పక్కన పెట్టేసి, "మూడు వారాల తర్వాత చూద్దాం మాస్టారూ" అన్నారు. సెలవులు కరిగిపోతాయని నా బాధ. "ఇన్‌ఫెక్షన్ రాకుండా గట్టి ఇంజెక్షన్ ఏదైనా వేసి చేసెయ్యండి సార్" అన్నాను. "షుగర్ ఇంత ఉంటే మీ ఒంట్లో తెల్ల రక్తకణాలు సరిగ్గా పనిచెయ్యవు. వాటి పని ఇంజెక్షన్ చెయ్యదు" అన్నారు. పిల్లలకి రక్తకణాల బొమ్మలు గీయించేవాణ్ణి, నాకే చెప్పించుకోవాల్సి వచ్చింది. ఫిజీషియన్ మందులు మార్చాడు, కొన్నాళ్లకి ఇన్సులిన్ కూడా పెట్టాడు. మే 21 తేదీ ఖాయమయ్యేనాటికి పరగడుపు 128కి దిగింది.

ముందురోజు చెయ్యాల్సినవి ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చారు. రాత్రీ పొద్దునా రెండుసార్లు ఒళ్లంతా సబ్బుతో స్నానం చెయ్యాలి. పొగ తాగకూడదు. ఆపరేషన్ చేసే చోట బ్లేడు ముట్టించకూడదు. ఈ చివరిది చూసి నేను ఆగిపోయాను. ఎందుకంటే మా స్కూల్లో ఒకాయన, "ఆస్పత్రిలో ఎవడిచేతో ఎందుకు సార్, ఇంట్లోనే నున్నగా చేసుకుని పోండి" అని సలహా ఇస్తే, కొత్త బ్లేడు కొని తెచ్చిపెట్టుకున్నాను. మా ఆవిడకి 2001లో ముందురోజు రాత్రే బ్లేడుతో చేశారు మరి. మర్నాడు ఆస్పత్రిలో కత్తి పడే మేరకు మాత్రం ట్రిమ్మర్‌తో కత్తిరించి వదిలేశారు. బ్లేడు గీస్తే కంటికి కనపడని గాట్లు పడతాయట, చర్మం మీది క్రిములకి అవి ఇళ్లు. గడ్డం గీసుకున్నాక పటిక రుద్దితే చురుక్కుమంటుందే, ఆ గాట్లే అవి.

ఆపరేషన్ రోజు పొద్దున ఏడింటికి వార్డులో టెస్ట్ డోస్ వేశారు. ముంజేతి లోపలి వైపు చర్మంలోకి సన్నటి సూదితో చుక్క మందు ఎక్కిస్తే దోమ కుట్టినంత బొడిపె లేచింది. దాని చుట్టూ సిస్టర్ బాల్‌పెన్‌తో సున్నా చుట్టి, "దురద పెడితే చెప్పండి, గోకొద్దు" అంది. పెన్సిలిన్ పడలేదని ఎప్పుడైనా ఎవరైనా చెప్పారా, ఏ మందుకైనా దద్దుర్లు వచ్చాయా అని మూడు రకాలుగా అడిగింది. అరగంట తర్వాత సున్నా మిగిలింది, బొడిపె పోయింది. అసలు ఇంజెక్షన్ ఇప్పుడే వేస్తారనుకుని చెయ్యి చాపాను. "ఇక్కడ కాదు, లోపల" అంది.

లోపల గోడ గడియారం నాకు ఎదురుగా ఉంది. తొమ్మిదీ ఐదుకి మత్తు డాక్టర్ సెలైన్ గొట్టంలోకి మెల్లగా ఎక్కిస్తూ "సెఫజోలిన్, రెండు గ్రాములు" అని పక్కనున్న సిస్టర్‌కి చెప్పాడు. ఆమె టైముతో సహా రాసుకుంది. తర్వాత నన్ను కూర్చోబెట్టి, వీపు విల్లులా వంచమని, నడుములో సూది పెట్టారు. కాళ్లు వెచ్చబడ్డాయి, ఆ తర్వాత నావి కాకుండా పోయాయి. మెడ దగ్గర పచ్చగుడ్డ తెర కట్టారు. చెవులు మాత్రం నావే కాబట్టి అన్నీ వింటున్నాను.

కత్తి పెట్టబోయే ముందు ఒక సిస్టర్ కాగితం తీసి గట్టిగా చదివింది. పేషెంట్ పేరు? ఏ ఆపరేషన్? ఏ వైపు? ఒక్కొక్కదానికి ఒక్కొక్కరు జవాబు చెబుతున్నారు, క్లాసులో హాజరు పిలిచినట్టు. "యాంటీబయోటిక్ గంట లోపల ఇచ్చారా?" అని ఆమె అడిగితే మత్తు డాక్టర్ "తొమ్మిదీ ఐదు" అన్నాడు. అప్పుడు తొమ్మిదిన్నర. ఆ తర్వాతే డాక్టర్ గారు చెయ్యి చాపారు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 19 అంశాల జాబితా అట అది. అప్పుడు మాత్రం నాకు కుడి వైపా ఎడమ వైపా అన్న ప్రశ్న ఒక్కటే ముఖ్యంగా తోచింది. యాంటీబయోటిక్ సంగతి చెవిన పడి జారిపోయింది. యాభై నిమిషాల్లో అయిపోయింది. కండలో నైలాన్ దోమతెర ముక్కలాంటి మెష్ పెట్టి కుట్టేశారు.

మర్నాడు సిస్టర్ 'ఒక్కటే' అన్నాక రాత్రంతా మా ఆవిడ లెక్కలు వేసింది. పక్క మంచం పిల్లవాడికి పన్నెండేళ్లు, బెళుగుప్ప దగ్గరి పల్లె. వాడికి రోజుకి మూడుసార్లు ఎక్కిస్తున్నారు, షుగర్ ఉన్న యాభై మూడేళ్ల మనిషికి ఏమీ లేదు. పొద్దున రౌండ్స్‌కి డాక్టర్ గారు రాగానే అదే అడిగింది.

ఆయన మంచం అంచున కూర్చున్నారు. (కూర్చుని మాట్లాడే డాక్టర్‌ని చూస్తే సగం నొప్పి తగ్గుతుంది, ఇది నా అభిప్రాయం.) "ఆ బాబుకి అపెండిక్స్ కడుపులోనే పగిలిందమ్మా. మేము కోసేటప్పటికే లోపల చీముంది. అంటే ఇన్‌ఫెక్షన్ వచ్చేసింది, దానికి వైద్యం చేస్తున్నాం. మాస్టారికి ఇన్‌ఫెక్షనే లేదు. కోసేటప్పుడు చర్మం మీది క్రిములు ఎంత తుడిచినా కొన్ని లోపలికి పడతాయి. అవి పడే సమయానికి మందు ఆ కండలో, కొవ్వులో చేరి ఉండాలి. అందుకే కోతకి గంట లోపల ఇస్తాం. ఆపరేషన్ నాలుగు గంటలు దాటినా, రక్తం బాగా పోయినా మధ్యలో ఇంకో డోస్ వేస్తాం. కుట్లు వేసి మూసేశాక ఇక దానితో పని లేదు."

మా ఆవిడ మొహంలో నమ్మకం కనపడలేదు. పిల్లవాడి తండ్రి కిటికీ దగ్గర నిలబడి వింటున్నాడు. అతను అందుకున్నాడు.

"అంటే సార్, యిత్తనశుద్ధి మాదిరి అన్నమాట."

డాక్టర్ గారు అటు తిరిగారు.

"శెనక్కాయ యిత్తనానికి మందు పట్టించేది యిత్తక ముందే కదప్పా. మొలక లేసినాక చేనంతా తిరిగి యిత్తనానికి పట్టిస్తామంటే అయ్యే పనేనా? అయ్యవారిది యిత్తనశుద్ధి. మావానిది తెగులు తగిలిన చేను. దానికి తగ్గేదాకా మందు కొట్టాల్సిందే."

"ఇంతకాలం నాకు ఈ మాట దొరక్క అరగంట చెబుతున్నానయ్యా" అని డాక్టర్ గారు పెద్దగా నవ్వారు. నాకు నవ్వుతో పాటు సిగ్గూ వచ్చింది. ఏటా జూన్‌లో కిలో విత్తనానికి మూడు గ్రాముల మాంకోజెబ్ లెక్కన గోనెపట్టా మీద పోసి కలిపేది నేనే. మొదలుకుళ్లు రాకూడదనే కదా! పైగా ఎనిమిదో తరగతికి సూక్ష్మజీవుల పాఠం చెప్పేదీ నేనే.

మా ఆవిడ తన 2001 సంగతి కూడా అడిగింది. ఆయన తొందరపడలేదు. "చీము పట్టడానికి సవాలక్ష కారణాలుంటాయమ్మా, నేను చూడని గాయం గురించి ఎలా చెప్పను? ఆ రోజుల్లో బిడ్డకి మందు చేరకూడదని సిజేరియన్‌లో బొడ్డు బిగించాకే యాంటీబయోటిక్ ఇచ్చేవాళ్లు. ఇప్పుడు దానికి కూడా కోతకి ముందే ఇస్తున్నాం." పద్నాలుగు ఇంజెక్షన్ల లెక్క మా ఆవిడ మళ్లీ ఎత్తలేదు గానీ, వాటిలో ఒక్కటైనా కోతకి ముందు పడిందా అని నన్నడిగింది. నాకెలా తెలుస్తుంది? నేను చీటీలు పట్టుకుని పరుగెత్తిందంతా ఆపరేషన్ అయ్యాకే.

ఆ మధ్యాహ్నం మంచం మీద ఫోన్‌లో వెతుక్కుంటూ కూర్చున్నాను. 1961లో జాన్ బర్క్ అనే సర్జన్ గినీ పందుల మీద చూశాడట. క్రిములు చర్మంలో పడకముందే మందు ఉంటే పుండు పెరగలేదు, మూడు గంటలు ఆలస్యమైతే ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే. 1992లో అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ వైద్యులు 2,847 మంది పేషెంట్ల లెక్క తీశారు. కోతకి రెండు గంటల లోపల మందు పడినవాళ్లలో ఇన్‌ఫెక్షన్ 0.6 శాతం. కోత తర్వాత మూడు గంటలు దాటాక పడినవాళ్లలో 3.3. మరీ ముందుగా, రెండు గంటలకన్నా ముందే వేసేసుకున్నవాళ్లలో 3.8. అంటే వెయ్యి మందిలో ఆరుగురెక్కడ, ముప్పై ఎనిమిది మంది ఎక్కడ! పొద్దున వార్డులో నేను చాపిన చేతిని సిస్టర్ ఎందుకు వెనక్కి తోసిందో అప్పుడు అర్థమైంది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇంకొక మాట కూడా ఉంది, ఆపరేషన్ అయిపోయాక ముందుజాగ్రత్త పేరుతో యాంటీబయోటిక్ కొనసాగించవద్దని. సాయంత్రం డాక్టర్ గారితో ఇదంతా చెబితే, "ఇన్‌ఫెక్షన్లు బాగా తక్కువగా ఉండే చోట్ల మీలాంటి ఆపరేషన్‌కి ఆ ఒక్కటీ కూడా ఇవ్వరు" అన్నారు. అంటే నాకు పడింది తక్కువేం కాదు.

ఇంత చదివినవాణ్ణి ఇంటికి పోయి చేసిన పని చెబితే నవ్వుతారు.

మూడో రోజు డిశ్చార్జ్ చేశారు. ఇంట్లో మా అమ్మ పరిపాలన. పప్పు తింటే చీము పడుతుందని పప్పు బంద్. వంకాయ బంద్. నీళ్లు తగిలితే కుట్లు కుళ్లుతాయని స్నానం బంద్. డాక్టర్ కాగితంలో రెండు రోజుల తర్వాత స్నానం చెయ్యొచ్చనీ పప్పు, గుడ్డు బాగా తినమనీ రాసుంది. ఆవిడ కాగితాలు చదవదు. నలభై రెండు డిగ్రీల ఎండలో చెమటకి ఒళ్లంతా జిడ్డుతో, రాగిసంగటీ మజ్జిగతో రెండు రోజులు గడిపాను. మూడో రోజు మా ఆవిడ అత్తతో గొడవపడి నీళ్లు తోడింది. గాయం మీద నీళ్లు పోసుకుని మెత్తటి బట్టతో అద్దుకున్నాక ఆ రోజే సరిగ్గా నిద్రపట్టింది.

ఆరో రోజు రాత్రి బట్ట సర్దుకుంటుంటే వేలికి ఏదో తగిలింది. కుట్టు పొడుగునా లోపల గట్టిగా, చిటికెన వేలంత లావున గట్టులాగా ఉంది. నొక్కితే కొంచెం నొప్పి. ఆరో రోజు! మా ఇంట్లో ఆరో రోజంటే ఏమిటో ముందే చెప్పాను కదా. పైగా లోపల మెష్ ఉంది. దానికి చీము పడితే మళ్లీ కోసి తీసెయ్యాల్సి రావచ్చని అదే ఫోన్‌లో చదివాను. టెన్షన్‌తో తెల్లవార్లూ దాన్ని తడుముకుంటూనే ఉన్నాను. చదివిన చదువు పగటిపూట పనికొచ్చింది గానీ రాత్రి రెండింటికి పనికిరాలేదు.

పొద్దున మా బామ్మర్ది వచ్చాడు. మందుల షాపులో పన్నెండేళ్లుగా పని. విషయమంతా విని, "ఒక్క సూదితో పంపించేసినారా? ఏం మనుషులు బావా వీళ్లు!" అన్నాడు. సాయంత్రానికి ఒక యాంటీబయోటిక్ స్ట్రిప్ తెచ్చాడు, అమాక్సిసిలిన్ క్లావులనేట్, అందరూ సిక్స్ ట్వంటీఫైవ్ అంటారే, అది. "సెఫిక్సిమ్ ఇద్దామనుకున్నా బావా, అది హెచ్‌వన్ లిస్టు, చీటీ చూసి రిజిస్టర్‌లో డాక్టర్ పేరూ నీ పేరూ రాయాల. ఇది రాయబల్లేదు" అన్నాడు. మందు ఎంచుకోవడానికి ఇలాంటి కారణం కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది నాకు. స్ట్రిప్ వెనక నిలువునా ఎర్ర గీత ఉంది. డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని ఆ గీతకి అర్థమని 2016లో ప్రభుత్వం ప్రచారం చేసినప్పుడు నేనే స్కూలు బోర్డు మీద రాయించాను. ఆ గీత చూస్తూనే మొదటి మాత్ర మింగాను.

రోజుకి రెండు చొప్పున మూడు రోజులు. మూడో రోజు మధ్యాహ్నం నుంచి విరేచనాలు పట్టుకున్నాయి. రాత్రికి ఏడుసార్లు. మాది కింద కూర్చునే దొడ్డి. ఒక చేత్తో గోడ, ఒక చేత్తో కుట్లు పట్టుకుని కూర్చునేవాణ్ణి, ప్రతిసారీ పుటుక్కుమంటుందేమోనని. తిండి లేదు, షుగర్ మందు మాత్రం అలవాటుగా వేసుకున్నాను. తెల్లవారుజామున చెమటలు పట్టి చేతులు వణికాయి. మా ఆవిడ మిషన్‌తో చూస్తే 66. చక్కెర నీళ్లు తాగించి డాక్టర్ గారికి ఫోన్ చేసింది.

ఆయన నాతోనే మాట్లాడారు.

"జ్వరం ఉందా?"

"లేదు సార్."

"చీము? ఎరుపు చుట్టూ పాకుతోందా? నొప్పి రోజురోజుకీ పెరుగుతోందా?"

"లేదు సార్."

"మరి దేనికి వేసుకున్నారు?"

గట్టులాగా తగిలిందని చెప్పాను. చెబుతుంటే నాకే చిన్నతనంగా అనిపించింది. మందు ఆపేయమని, వెంటనే రమ్మని అన్నారు. అక్కడ సెలైన్ ఎక్కించారు. గాయాన్ని వేలితో మెల్లగా ఒత్తి చూసి, "ఇది మానుతున్న గుర్తు. లోపల కొత్త కండ అల్లుకుంటుంటే గట్టిగా తగుల్తుంది. రెండు మూడు నెలల్లో మెత్తబడుతుంది" అన్నారు. నేను భయపడ్డది దాన్ని చూసి! తర్వాత ఆయన అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "ఆ ఆరు మాత్రలకీ మీ ఒంట్లో లొంగే క్రిములు చచ్చాయి, లొంగనివి మిగిలాయి. రేపు నిజంగానే చీము పడితే మనం తలపడాల్సింది ఆ మిగిలినవాటితో." బామ్మర్ది పక్కనే ఉన్నాడు. బయటికొచ్చేదాకా నోరెత్తలేదు. టవర్ క్లాక్ దాటాక ఆటోలో, "నాకు చెప్పొద్దా బావా, గట్టిగా ఉంటే మానేదని" అన్నాడు. నాకు తెలిస్తే కదా!

రెండు రోజుల్లో విరేచనాలు కట్టాయి. ఆ తర్వాత కుట్లు తీశారు, గాయం పొడిగా ఉంది. మామూలు ఆపరేషన్‌కైతే ముప్పై రోజులు కనిపెట్టుకోవాలట, లోపల మెష్ ఉంది కాబట్టి నాకు తొంభై. ఆగస్టు 19 చుట్టూ క్యాలెండర్‌లో బాల్‌పెన్‌తో సున్నా చుట్టాను, ముంజేతి మీద సిస్టర్ చుట్టినట్టే.

జూన్ మూడో వారంలో రెండు చినుకులు పడ్డాయి. బరువులు ఎత్తొద్దన్నారు కాబట్టి నేను కుర్చీలో కూర్చుంటే బామ్మర్దే విత్తనానికి మందు కలిపాడు. అప్పుడు గుర్తొచ్చింది, స్ట్రిప్‌లో ఇంకా నాలుగు మాత్రలు ఉండాలి కదా అని. అల్మరాలో లేవు, ఫ్రిజ్ మీద లేవు. చివరికి మా అమ్మ ఆకువక్క సంచిలో దొరికాయి, సున్నం డబ్బీ పక్కన, కాగితంలో మడిచి.

"అవెందుకమ్మా నీకు?"

"ఉండనీలేరా. మోకాళ్లు నొప్పులు పుడితే ఒకటి ఏసుకుందామని. అంత దుడ్డు పెట్టి కొన్నవి పారేస్తామా?"

రెండే ఉన్నాయి కాగితంలో.